డైనో మీద బండి పవర్ కొలిపించడం ఎలా, వచ్చిన నంబర్ నమ్మాలంటే ఏమేం చూసుకోవాలి

డైనో అంటే బండి చక్రాలని రోలర్ల మీద తిప్పించి పవర్ కొలిచే యంత్రం, రీమ్యాప్ అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ (ఈసీయూ) సెట్టింగులు మార్చడం. రీమ్యాప్ చేయించాం, 115 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలతే) బండి ఇప్పుడు 140 ఇస్తోంది అని డైనో షీట్ చూపించేవాళ్ళు మన దగ్గర చాలామందే ఉన్నారు. ఆ షీట్ అబద్ధం అని నేను అనట్లేదు, కానీ అదే బండిని అదే రోజు అదే డైనో మీద గేర్ మార్చి, బండిని కట్టే స్ట్రాప్ ఇంకాస్త బిగించి, ఫ్యాన్ దూరంగా పెట్టి ఫుల్ థ్రాటిల్‌లో లాగితే (ఇలా ఒకసారి లాగడాన్నే రన్ అంటారు) పది పీఎస్ అటో ఇటో పోతుంది, బండిలో ఒక్క బోల్ట్ కూడా ముట్టుకోకుండానే. అందుకే డైనోకి వెళ్ళే ముందు ఏం చెయ్యాలి, అక్కడ ఏం అడగాలి, షీట్ చేతికొచ్చాక ఎలా చదవాలి అన్నీ వరుసగా రాస్తున్నా. ఎక్కువగా కార్ గురించే చెప్తా, బైక్‌కి తేడా ఉన్న చోట అది కూడా చెప్తా. మూడుసార్లు లాగితే మూడుసార్లూ దగ్గర దగ్గరగా వచ్చే నంబర్ తెచ్చుకోవడమే మన పని, అది పెద్దదా చిన్నదా అన్నది తర్వాత చూద్దాం.

1. ముందు అది ఏ రకం డైనోనో కనుక్కోండి

బుక్ చేసుకునేటప్పుడే ఫోన్లో అడిగేయండి. ఇనర్షియా డైనో అయితే బరువున్న పెద్ద డ్రమ్ ఒకటి ఉంటుంది, మీ చక్రం ఆ డ్రమ్‌ని ఎంత త్వరగా స్పీడ్ ఎక్కించిందో చూసి పవర్ లెక్కేస్తుంది, వేరే బ్రేక్ ఏమీ ఉండదు. ఎడ్డీ కరెంట్ డైనో అయితే రోలర్‌కి కరెంట్‌తో పనిచేసే బ్రేక్ ఉంటుంది, ఎంత గట్టిగా ఆపాల్సి వచ్చిందో లోడ్ సెల్ అనే బలం కొలిచే సెన్సర్ చూపిస్తుంది, ఆపరేటర్ కావాలనుకుంటే 3000 ఆర్‌పీఎమ్ దగ్గర బండిని అలాగే పట్టి ఉంచగలడు కూడా. హబ్ డైనో ఇంకో రకం, చక్రాలు విప్పేసి నేరుగా హబ్‌కే బిగిస్తారు, టైర్‌లో పోయే పవర్ ఇందులో పోదు కాబట్టి నంబర్ సహజంగానే కాస్త ఎక్కువ వస్తుంది.

ఈ మూడింటి నంబర్లు ఒకదానితో ఒకటి పోల్చుకోకూడదు. మీ ఫ్రెండ్ బండి ఒక డైనో మీద 105 ఇచ్చింది, మీది ఇంకో చోట 98 ఇచ్చింది అంటే మీ బండి బలహీనం అని అర్థం కాదు. ఇక బ్రోషర్లో ఉండే నంబర్ వేరే లోకం. అది ఇంజిన్‌ని బండి నుంచి బయటకి తీసి టెస్ట్ సెల్‌లో పెట్టి, క్రాంక్ (ఇంజిన్ లోపల తిరిగే ప్రధాన షాఫ్ట్) దగ్గర కొలిచింది. చక్రం దగ్గరకి వచ్చేసరికి గేర్‌బాక్స్, డిఫరెన్షియల్, టైర్ అన్నీ తమ వాటా తీసుకుంటాయి.

లోడ్ సెల్ ఉన్న డైనో అయితే కాలిబ్రేషన్ చివరిసారి ఎప్పుడు చేశారు అని కూడా అడగండి. ఒక ఆర్మ్ బిగించి దానికి బరువు తెలిసిన గుండ్లు వేలాడదీసి, స్క్రీన్ మీద సరిగ్గా అంతే చూపిస్తోందా లేదా అని చూస్తారు, పెద్ద పనేం కాదు. మంచి ఆపరేటర్ ఈ ప్రశ్నకి సంతోషిస్తాడు.

2. బండిని ఇంటి దగ్గరే సిద్ధం చెయ్యండి

ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు, ఇంజిన్ ఆయిల్ చూసుకోండి, చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతూ ఉంటే అది సెట్ అయ్యేదాకా డైనో జోలికే వెళ్ళొద్దు. పెట్రోల్ అన్ని రన్‌లకీ ఒకటే ఉండాలి. ముందు మామూలు పెట్రోల్‌తో లాగి, రీమ్యాప్ తర్వాత 100 ఆక్టేన్‌తో లాగితే తేడా ఎవరి వల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు. టైర్లు కూడా అంతే, రీమ్యాప్‌కి ముందు ఒక సెట్ తర్వాత కొత్త వెడల్పు టైర్ల సెట్ అంటే పోలిక పోయినట్టే. ప్రెషర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఎంతుందో అంత, చల్లగా ఉన్నప్పుడే కొట్టించి రాసుకోండి. ట్రెడ్‌లో ఇరుక్కున్న రాళ్ళు స్క్రూడ్రైవర్‌తో తీసేయండి, 150 స్పీడ్‌లో అవి ఎగిరొస్తే గోడకి కాదు మనిషికి తగులుతాయి.

ఆల్ వీల్ డ్రైవ్ బండి అయితే నాలుగు చక్రాల డైనో ఉన్న చోటికే వెళ్ళండి, రెండు చక్రాల దాని మీద పెడితే ముందు వెనక చక్రాలకి పవర్ పంచే సెంటర్ కప్లింగ్ దెబ్బతినే ప్రమాదం ఉంది. క్లచ్ అరిగిపోయి ఉంటే అది కూడా ముందే మార్పించుకోండి, ఎందుకంటే ఫుల్ లోడ్‌లో క్లచ్ జారితే గ్రాఫ్ మధ్యలో పిచ్చి పిచ్చిగా వంకర పోతుంది, అది చూసి ట్యూనింగ్ తప్పనుకుంటారు.

3. రోలర్ మీద కట్టేటప్పుడు పక్కనే నిలబడి చూడండి

చాలామంది బండి అప్పజెప్పి టీ తాగడానికి వెళ్ళిపోతారు, అది చెయ్యొద్దు. స్ట్రాప్ ఎంత గట్టిగా బిగిస్తే టైర్ అంతగా రోలర్‌లోకి నొక్కుకుంటుంది, టైర్ రబ్బర్ అంత ఎక్కువ నలుగుతుంది, ఆ నలగడానికి పోయేది మీ పవరే. వదులుగా కడితే టైర్ జారుతుంది. రెండు చిన్న రోలర్ల మధ్య టైర్ కూర్చునే డైనోలో ఈ గొడవ ఒక్క పెద్ద డ్రమ్ ఉన్నదానికంటే ఎక్కువ.

నేనైతే ఏం చెయ్యమంటానంటే, కట్టడం అయ్యాక డ్రైవ్ చక్రాల దగ్గర ఫెండర్ అంచు నుంచి వీల్ సెంటర్ దాకా టేప్ పెట్టి కొలిచి రాసుకోండి, రెండు వైపులా. మళ్ళీ వచ్చినప్పుడు అదే కొలత వచ్చేదాకా స్ట్రాప్ బిగించమనండి. రెండు నిమిషాల పని, కానీ రెండు మూడు పీఎస్ తేడా ఇక్కడే దొంగలా దూరిపోతుంది.

టైర్ జారిందా లేదా తెలుసుకోవడం తేలిక. ఒకే గేర్‌లో ఇంజిన్ ఆర్‌పీఎమ్‌కీ రోలర్ స్పీడ్‌కీ మధ్య నిష్పత్తి మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉండాలి, మధ్యలో ఎక్కడైనా ఆర్‌పీఎమ్ పైకి లేచి స్పీడ్ అక్కడే ఉండిపోతే టైరో క్లచ్చో జారినట్టు. ఆ రన్ పక్కన పడేయండి.

బైక్ వాళ్ళు చైన్ చూసుకోవాలి. వెనక స్ట్రాప్ బిగించేసరికి సస్పెన్షన్ కిందకి కూర్చుని చైన్ టెన్షన్ మారిపోతుంది, కాబట్టి కట్టాక ఒకసారి చేత్తో కదిపి చూడండి. చైన్ క్లీన్ చేసి లూబ్ కొట్టడం కూడా మొదటి రన్‌కి ముందే, మధ్యలో కాదు.

ట్రాక్షన్ కంట్రోల్ ఆఫ్ చెయ్యండి. వెనక చక్రాలు ఆగి ముందు చక్రాలు 120లో తిరుగుతుంటే కంప్యూటర్ బండి జారిపోతోందనుకుని థ్రాటిల్ మూసేస్తుంది. కొన్ని బండ్లలో బటన్ నొక్కినా పూర్తిగా ఆఫ్ అవ్వదు, దానికి వేరే డైనో మోడ్ ఉంటుంది, మీ మోడల్‌కి అది ఎలా పెట్టాలో ముందే తెలుసుకుని వెళ్ళండి. రన్ జరిగేటప్పుడు టైర్‌కి నేరుగా ముందు వెనక ఎవరూ నిలబడకూడదు, సైలెన్సర్ పొగ బయటకి లాగే పైపు లేని షెడ్‌లో ఎక్కువసేపు ఉండకూడదు.

4. గేర్ ఎంచుకోవడం, అసలు కిటుకు ఇక్కడుంది

ఇంజిన్ ఇచ్చే పవర్ అంతా రోలర్‌కి రాదు, అరుగుదల, రాపిడి సంగతి అటుంచితే, ఇంజిన్‌లో తిరిగే క్రాంక్, ఫ్లైవీల్, క్లచ్ వీటిని స్పీడ్ ఎక్కించడానికి కూడా కొంత పవర్ పోతుంది. బండి ఎంత తొందరగా ఆర్‌పీఎమ్ ఎక్కితే అంత ఎక్కువ పోతుంది. చిన్న గేర్‌లో ఆర్‌పీఎమ్ టకటకా ఎక్కేస్తుంది కాబట్టి నంబర్ తక్కువ, పెద్ద గేర్‌లో నెమ్మదిగా ఎక్కుతుంది కాబట్టి నంబర్ ఎక్కువ.

ఎంత ఎక్కువ అంటే లెక్కేసి చూద్దాం. ఆ తిరిగే భాగాలన్నిటి ఇనర్షియా (స్పీడ్ మారకుండా అడ్డుపడే గుణం) 0.15 కేజీ మీటర్ స్క్వేర్ అనుకోండి, ఇది లెక్క కోసం పెట్టుకున్న అంకె. 2000 నుంచి 6000 ఆర్‌పీఎమ్‌కి 5 సెకన్లలో వెళ్ళిపోతే వాటిని తిప్పడానికే దాదాపు 12.5 ఎన్‌ఎమ్ (న్యూటన్ మీటర్) టార్క్, అంటే తిప్పే బలం, పోతుంది, 5500 ఆర్‌పీఎమ్ దగ్గర అది దగ్గర దగ్గర 10 పీఎస్. అదే దూరం 10 సెకన్లు తీసుకుంటే 5 పీఎస్ మాత్రమే పోతుంది. ఇంజిన్ అదే, పెట్రోల్ అదే, రన్ ఎంతసేపు పట్టింది అన్నదాని వల్లే 5 పీఎస్ తేడా. చాలా రీమ్యాప్ షీట్లలో గొప్పగా చూపించే పెరుగుదలలో కొంత భాగం ఇలా కూడా వచ్చి ఉండొచ్చు, మొదటి రన్ మూడో గేర్‌లో, చివరి రన్ నాలుగో గేర్‌లో ఉంటే చాలు.

అలాగని టాప్ గేర్‌లో లాగమనకండి, చక్రం స్పీడ్ బాగా పెరిగిపోయి టైర్ రాపిడి ఎక్కువవుతుంది, టైర్ స్పీడ్ రేటింగ్ దాటే ప్రమాదం, కొన్ని బండ్లకి స్పీడ్ లిమిటర్ అడ్డొస్తుంది. అందుకే 1:1 నిష్పత్తికి (ఇంజిన్ ఒక చుట్టు తిరిగితే గేర్‌బాక్స్ నుంచి బయటకొచ్చే షాఫ్ట్ కూడా ఒక చుట్టే తిరగడం) దగ్గరగా ఉన్న గేర్ తీసుకుంటారు, 5 స్పీడ్ గేర్‌బాక్స్‌లో సాధారణంగా అది నాలుగోది. ఇంజిన్‌ని బండి పొడుగునా పెట్టి వెనక చక్రాలకి పవర్ పంపే బండ్లలో ఈ 1:1 అంటే నిజంగానే డైరెక్ట్, పవర్ గేర్ పళ్ళ మీదుగా పోకుండా సూటిగా పోతుంది, నష్టం తక్కువ. ముందు చక్రాల బండ్లలో ఆ సౌకర్యం లేదు, అక్కడ 1:1 అనేది ఊరికే మధ్యస్థంగా ఉండే గేర్ అని మాత్రమే. ఏ గేర్ అయినా సరే, ఒకసారి పెట్టుకున్నాక ఇంక మార్చకండి, షీట్ మీద రాయించండి.

ఆటోమేటిక్ అయితే మాన్యువల్ మోడ్‌లో పెట్టి గేర్ పట్టుకోవాలి, అయినా పెడల్ పూర్తిగా అడుగుకి తొక్కితే కిక్‌డౌన్ అయిపోయే బండ్లు ఉన్నాయి, అప్పుడు రన్ పోయినట్టే. టార్క్ కన్వర్టర్ ఉన్నదాంట్లో లాకప్ (ఇంజిన్‌నీ గేర్‌బాక్స్‌నీ జారకుండా నేరుగా కలిపేది) పడిందా లేదా అన్నది కూడా నంబర్ మార్చేస్తుంది. స్కూటర్లలో వేరియేటర్ నిష్పత్తిని తనే మార్చుకుంటూ పోతుంది కాబట్టి ఆర్‌పీఎమ్ గ్రాఫ్ కంటే రోడ్ స్పీడ్ గ్రాఫ్ అడిగి తీసుకోండి, అదే అర్థవంతంగా ఉంటుంది.

5. ర్యాంప్ టైమ్ ఎంత పెట్టారో రాయించుకోండి

ర్యాంప్ టైమ్ అంటే రన్‌లో ఆర్‌పీఎమ్ కింద నుంచి పై దాకా ఎక్కడానికి పట్టే టైమ్. ఇనర్షియా డైనోలో గేర్‌తోనే ఇది తేలిపోతుంది. ఎడ్డీ కరెంట్ డైనోలో మాత్రం సెకనుకి ఎంత ఆర్‌పీఎమ్ ఎక్కనివ్వాలో ఆపరేటర్ చేతిలో ఉంటుంది, అంటే నంబర్ కొంతవరకు ఆయన చేతిలో ఉన్నట్టే. టర్బో బండ్లకి ఇది ఇంకా ముఖ్యం. త్వరగా లాగేస్తే టర్బోకి బూస్ట్ (ఇంజిన్‌లోకి గాలిని నెట్టే ప్రెషర్) కట్టుకునే టైమ్ దొరకదు, టార్క్ గీత కుడి వైపుకి జరిగిపోతుంది, కింద ఆర్‌పీఎమ్‌లో బండి డల్‌గా ఉన్నట్టు కనిపిస్తుంది. మరీ నెమ్మదిగా లాగితే బూస్ట్ ముందే వస్తుంది కానీ టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ వేడెక్కిపోయి పైన ఆర్‌పీఎమ్‌లో ఈసీయూ ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి లాగేసి పవర్ తగ్గిస్తుంది. రెండూ వ్యతిరేక దిశలో పని చేస్తాయి. 2000 నుంచి రెడ్‌లైన్ దాకా 8 నుంచి 12 సెకన్లు పట్టేలా పెట్టమనడం నాకు సబబుగా అనిపిస్తుంది, రోడ్డు మీద మూడో నాలుగో గేర్‌లో లాగినట్టే ఉంటుంది.

6. వేడి

రోడ్డు మీద 100లో వెళ్ళేటప్పుడు రేడియేటర్ మీద పడే గాలి ముందు షెడ్‌లో పెట్టే ఫ్యాన్ చాలాసార్లు చాలదు. బానెట్ తెరిచి పెట్టారా మూసి పెట్టారా, ఫ్యాన్ ఎంత దూరంలో ఉంది, రన్‌కీ రన్‌కీ మధ్య ఎంత గ్యాప్ ఇచ్చారు, ఇవి మూడూ అన్ని రన్‌లకీ ఒకేలా ఉండాలి. ఓబీడీ అడాప్టర్ (బండి కంప్యూటర్ పోర్ట్‌కి తగిలించేది) ఒకటి పెట్టుకుని ఫోన్లో ఇన్‌టేక్ గాలి టెంపరేచర్, ఇగ్నిషన్ టైమింగ్, బూస్ట్, థ్రాటిల్ ఈ నాలుగూ రికార్డ్ చెయ్యండి. ఇన్‌టేక్ టెంపరేచర్ మొదటి రన్ మొదలైనప్పుడు ఎంత ఉందో అంతకి దిగాకే రెండో రన్ మొదలుపెట్టమనండి, గడియారం కంటే ఈ అంకె మంచి గుర్తు. ఇంజిన్ ఆయిల్, గేర్‌బాక్స్ ఆయిల్ మాత్రం బాగా వేడెక్కి ఉండాలి, చల్లటి గేర్‌బాక్స్‌తో తీసిన మొదటి రన్ ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది, అందుకే దాన్ని వార్మప్ కింద లెక్కేసి వదిలేయండి.

7. కరెక్షన్ ఫ్యాక్టర్ ఏది వాడారో చూడకుండా షీట్ తీసుకోవద్దు

గాలి పల్చగా, వేడిగా ఉంటే ఇంజిన్‌కి ఆక్సిజన్ తక్కువ, పవర్ తక్కువ. ఆ తేడాని సరిచెయ్యడానికి సాఫ్ట్‌వేర్ ఒక అంకెతో గుణిస్తుంది. గొడవ ఏంటంటే ఏ గాలిని ప్రమాణంగా తీసుకోవాలో ఒక్కో స్టాండర్డ్ ఒక్కోలా చెప్తుంది. ఎస్‌ఏఈ జే1349 లో 25 డిగ్రీలు, 99 కిలోపాస్కల్ పొడి గాలి. డిన్ 70020 లో 20 డిగ్రీలు, 101.3. చాలా డైనోల మెనూలో ఎస్‌టీడీ అని ఉండే పాత లెక్కలో ఇంచుమించు 15.5 డిగ్రీలు, 101.3. ఒకే రన్‌ని ఎస్‌ఏఈ నుంచి ఎస్‌టీడీకి మారిస్తే నంబర్ దాదాపు 4 శాతం పెరుగుతుంది, మౌస్‌తో ఒక్క క్లిక్. రూల్ మారితే కంపెనీ నంబర్లే మారిపోయాయి, 2000ల మధ్యలో జే1349 ని కట్టుదిట్టం చేశాక టయోటా కామ్రీ 3.0 వీ6 అమెరికాలో 210 హార్స్‌పవర్ నుంచి 190కి దిగింది, ఇంజిన్ మాత్రం అదే.

మన ఊళ్ళ సంగతికి వద్దాం. హైదరాబాద్ సముద్ర మట్టానికి 540 మీటర్ల దాకా ఎత్తులో ఉంది, గాలి ప్రెషర్ 95 కిలోపాస్కల్ చుట్టూ ఉంటుంది. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలు, తేమ తీసేస్తే పొడి గాలి ప్రెషర్ 93 అనుకుంటే జే1349 లెక్కన ఫ్యాక్టర్ 1.107 వస్తుంది. జనవరి పొద్దున 15 డిగ్రీలు, పొడి ప్రెషర్ 94.1 అనుకుంటే 1.04. అంటే మే నెలలో బండి నిజంగా ఇచ్చిన 100 పీఎస్‌ని 110.7 గా రాస్తారు. ఐఎస్ఓ 1585 అయితే ఈ ఫ్యాక్టర్ 0.93 నుంచి 1.07 మధ్యలో ఉంటేనే లెక్క పూర్తిగా చెల్లుతుంది అంటుంది, అది దాటితే టెస్ట్ పరిస్థితులన్నీ రిపోర్ట్‌లో రాయాలి. ఎండాకాలం హైదరాబాద్, ఏ కాలంలోనైనా బెంగళూరు ఆ గీత దాటే చోట్లే. వైజాగ్, కాకినాడ వాళ్ళకి ఎత్తు బాధ లేదు, వేడీ తేమా మాత్రమే. అందుకని కుదిరితే రీమ్యాప్‌కి ముందు రన్, తర్వాత రన్ ఒకే రోజు, ఒకే పూట తీయించండి.

టర్బో బండ్లకి ఇంకో మెలిక. ఇప్పటి ఈసీయూలు మానిఫోల్డ్‌లో (ఇంజిన్‌లోకి గాలి వెళ్ళే గొట్టంలో) ఇంత ప్రెషర్ ఉండాలని చూసుకుంటాయి, బయట గాలి పల్చగా ఉంటే టర్బోని ఇంకాస్త తిప్పి ఆ లోటు చాలావరకు పూడ్చేస్తాయి. పూడ్చేసిన లోటుకి సాఫ్ట్‌వేర్ మళ్ళీ పది శాతం కలిపితే లేని పవర్ కాగితం మీద పుడుతుంది. కాబట్టి టర్బో ఉంటే కరెక్షన్ వెయ్యని నంబర్ కూడా తప్పకుండా అడిగి తీసుకోండి.

గాలి వేడి, ప్రెషర్ కొలిచే వెదర్ ప్రోబ్ ఎక్కడ పెట్టారో కళ్ళతో చూడండి. సైలెన్సర్ పక్కన వేలాడుతూ అసలు కంటే 10 డిగ్రీలు ఎక్కువ చదువుతుంటే నంబర్ దాదాపు 2 శాతం ఊరికే పెరుగుతుంది. ఇంజిన్ గాలి పీల్చే చోటికి దగ్గరగా, ఎండ తగలకుండా ఉండాలి.

8. షీట్ చేతికొచ్చాక

వీల్ పవరా, క్రాంక్ పవరా అన్నది మొదట చూడండి. క్రాంక్ అని రాసుంటే ఎలా లెక్కేశారో అడగండి. చాలా చోట్ల వీల్ నంబర్‌ని 0.85 తో భాగించేస్తారు. 1.0 టీఎస్ఐ వర్టస్ తీసుకోండి, బ్రోషర్లో 115 పీఎస్, 178 ఎన్‌ఎమ్. ఉదాహరణకి వీల్ దగ్గర 98 వచ్చిందనుకుంటే 98ని 0.85 తో భాగిస్తే 115, బాగానే ఉంది. రీమ్యాప్ తర్వాత వీల్ దగ్గర 118 వస్తే అదే లెక్కన 139. అంటే నష్టం 17 నుంచి 21 కి పెరిగిందన్నమాట, గేర్‌బాక్స్ అదే, ఆయిల్ అదే, టైర్ అదే. లోడ్‌తో పాటు నష్టం కొంత పెరుగుతుంది నిజమే కానీ కొంత భాగం లోడ్‌తో సంబంధం లేకుండా స్పీడ్‌ని బట్టి ఉంటుంది, అది పెరగదు. 20 పీఎస్ పెరిగింది అనాల్సింది 24 అంటున్నారు. వీల్ నంబర్‌తోనే మాట్లాడుకోవడం మేలు.

కోస్ట్‌డౌన్ చేసే డైనో అయితే రెడ్‌లైన్ చేరాక క్లచ్ తొక్కి రోలర్లని వాటంతటవే ఆగనిస్తారు, ఆ తగ్గే వేగం నుంచి నష్టం లెక్కేస్తారు. ఆ టైమ్‌లో బ్రేక్ కొంచెం తాకినా, బ్రేక్ ప్యాడ్ పట్టేస్తున్నా నష్టం ఎక్కువ చూపించి క్రాంక్ పవర్ ఉబ్బిపోతుంది.

తర్వాత స్మూతింగ్, అంటే గ్రాఫ్ గీతని సాఫ్ట్‌వేర్ నున్నగా చెయ్యడం. గీతలు మరీ ముళ్ళ ముళ్ళుగా ఉంటే ఆ ముల్లు కొసని పీక్ పవర్ అనేస్తారు, మరీ నున్నగా ఉంటే మధ్యలో నాక్ (సిలిండర్‌లో ఇంధనం తప్పుగా పేలడం) వల్ల పడిన చిన్న గుంట కనిపించకుండా పోతుంది. ముందూ తర్వాతా ఒకే సెట్టింగ్‌లో ప్రింట్ అడగండి, రెండు గీతలూ ఒకే గ్రాఫ్ మీద.

ఆర్‌పీఎమ్ సరిగ్గా తీసుకుందా అన్నది ఇలా చూడండి. ఎన్‌ఎమ్‌ని ఆర్‌పీఎమ్‌తో గుణించి 7024 తో భాగిస్తే పీఎస్ రావాలి. వర్టస్ బ్రోషర్ అంకెలే వేసి చూడండి, 178 ఎన్‌ఎమ్, 4500 ఆర్‌పీఎమ్, 114 పీఎస్ వస్తుంది, సరిపోయింది. గ్రాఫ్ మీద ఏదో ఒక చోట ఈ లెక్క కుదరకపోతే యూనిట్లో స్కేలో తప్పు. ఆర్‌పీఎమ్ చదివే పికప్ సెన్సర్ తప్పు పట్టిందా అన్నది మాత్రం ఈ లెక్కలో దొరకదు, ఎందుకంటే రోలర్ నుంచి పవర్ తెలుసుకుని దాన్ని ఆర్‌పీఎమ్‌తో భాగించే టార్క్ రాస్తారు. అందుకే రన్‌కి ముందు 3000 దగ్గర పట్టుకుని మీ మీటర్, ఓబీడీ, డైనో స్క్రీన్ మూడూ ఒకటే చెప్తున్నాయా చూసుకోండి.

9. మార్పు పని చేసిందా అని తేల్చుకోవడం

స్టాక్ మ్యాప్‌లో (కంపెనీ ఇచ్చిన సెట్టింగుల్లో) మూడు రన్‌లు, రీమ్యాప్‌లో మూడు రన్‌లు, కుదిరితే మళ్ళీ స్టాక్ మ్యాప్ వేసి ఒక రన్. చివరిది మొదటి వాటికి దగ్గరగా వస్తే మధ్యలో వచ్చిన పెరుగుదల మ్యాప్ వల్లే. తక్కువో ఎక్కువో వస్తే వేడో, స్ట్రాపో, టైరో ఏదో కదిలింది, దాన్ని పట్టుకోండి. మూడు స్టాక్ రన్‌ల మధ్యే 2 పీఎస్ తేడా ఉంటే, ఫిల్టర్ మార్చాక వచ్చిన 2 పీఎస్‌ని పెరుగుదల అనకండి.

ఇంత జాగ్రత్తగా తీసిన నంబర్‌కి బలం ఉంటుంది. 1999లో ఫోర్డ్ మస్టాంగ్ కోబ్రాని 320 హార్స్‌పవర్ అని అమ్మితే ఓనర్లు డైనో మీద పెట్టి పవర్ అంత లేదని బయటపెట్టారు, కంపెనీ అమ్మకాలు ఆపి, అమ్మిన బండ్లని వెనక్కి పిలిపించి ఇన్‌టేక్, ఎగ్జాస్ట్, ఈసీయూ సరిచేసి ఇచ్చింది.

వచ్చేముందు ఫోటో ప్రింట్‌తో సరిపెట్టుకోకుండా రన్ ఫైల్ పెన్‌డ్రైవ్‌లో అడిగి తీసుకోండి. గేర్, ర్యాంప్ టైమ్, టైర్ ప్రెషర్, ఫెండర్ కొలత, ఇన్‌టేక్ టెంపరేచర్, కరెక్షన్ పేరు, స్మూతింగ్ ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఫైల్‌తో పాటే దాచుకోండి, ఆరు నెలల తర్వాత మళ్ళీ వెళ్ళినప్పుడు ఆ కాగితం ఆపరేటర్ చేతిలో పెట్టి "అన్నా, సరిగ్గా ఇట్లనే పెట్టు" అనండి.